దూరవిద్య డిగ్రీ మీద అనుమానం ఎప్పుడు మొదలైంది?

సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి ఇకపై దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చెప్పకూడదని 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ ప్రకటించడంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఈ డిగ్రీలు చెల్లుతాయా? గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో చెప్పిందీ ఇదే యూజీసీ.

హైదరాబాద్‌లో 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చిన సంగతి తెలిసిందే. ప్రభుత్వ కాలేజీలో ఆదివారం క్లాసు, తెలుగులో అచ్చేసిన పాఠాలు, మామూలు పరీక్ష. ఆ చదువును ఎవరూ పెద్దగా శంకించలేదు.

తేడా వచ్చింది 2001 తర్వాత. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, తమిళనాడుల్లోని 4 డీమ్డ్ వర్సిటీలు (వర్సిటీ హోదా పొందిన విద్యాసంస్థలు), సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండానే దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు మొదలుపెట్టాయి. డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, ప్రమోషన్ కోసం చూస్తున్న జూనియర్ ఇంజనీర్లకు అది తెరిచి ఉన్న తలుపు. వాళ్లేమీ గుడ్డిగా చేరలేదు. కేంద్ర ఉద్యోగాలకు దూరవిద్య డిగ్రీ చెల్లాలంటే డిస్టెన్స్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలని 1995లోనే గెజిట్ వచ్చింది. అందుకే అందరూ ఆ ఒక్క ముద్ర కోసమే చూసేవారు. ఆ కౌన్సిల్ ఉన్నది ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో కింద. అంటే తానూ దూరవిద్య కోర్సులు నడిపే వర్సిటీ చేతికే అంపైర్ విజిల్ ఇచ్చారన్నమాట. 2007లో ఆ కౌన్సిలే, అప్పటికే నడిచిపోయిన కోర్సులకు వెనక తేదీల నుంచి వర్తించేలా ఆమోదం ఇచ్చేసింది. ఈనాటి గొడవంతా ఆ సంతకంలోనే ఉంది.

పదేళ్లకు, 2017 నవంబరు 3న, సుప్రీంకోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను పక్కనపెట్టి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గాలంది. అదీ రెండు అవకాశాల్లోపే. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దు, ఫీజు వాపసు. ల్యాబు, ప్రాక్టికల్స్ లేని ఇంజనీరింగ్ ఏమిటన్న కోర్టు మాటలో న్యాయముంది. కానీ కౌన్సిల్ ముద్ర చూసి ఫీజు కట్టి, పగలు సైటు పని, రాత్రి పుస్తకాలతో నెట్టుకొచ్చి, ఆ డిగ్రీతో ప్రమోషన్ తెచ్చుకున్నవాడు చేసిన తప్పేమిటి? ఫీజు వాపసు వస్తుంది, పోయిన సీనియారిటీ వస్తుందా?

అప్పటికే కౌన్సిల్ రద్దయి, పెత్తనం యూజీసీకి మారింది. రాష్ట్ర వర్సిటీలు పొరుగు రాష్ట్రాల్లో సెంటర్లు నడపకూడదని 2013లో గీత గీశారు. జిరాక్స్ షాపు పైఅంతస్తులో అన్నేళ్ల పరీక్షలూ ఒకేసారి రాయించే 'వన్ సిట్టింగ్ డిగ్రీ' బోర్డులు పెట్టినవాళ్ల పాపం కూడా నిజంగా చదివినవాళ్ల ఖాతాలోనే పడింది.

ఇప్పటి నిషేధం 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే సబ్జెక్టులకే. బీఏలో సైకాలజీ ఒక్కటే పోతుంది, చరిత్ర, ఎకనామిక్స్ అలాగే ఉంటాయి. అయినా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్లేవాళ్లు 2022 నాటి యూజీసీ ప్రకటన జిరాక్స్ ఒకటి ఫైల్లో పెట్టుకునే వెళ్తున్నారు.