అరుంధతి, వశిష్ఠుడు ఎక్కడ కలిశారు?

తిరుపతి,
వైశాఖ మాసం.

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న కొండ మీద మీ పిన్ని పెళ్లిలో పురోహితుడు పట్టపగలు చేయెత్తి "అదిగో అరుంధతి" అంటే, మీరిద్దరూ మెడలు నొప్పి పుట్టేదాకా వెతికారు. ఆ రాత్రి మన మిద్దె మీదికి తీసుకెళ్లి చూపించాను. ఉత్తరాన ఘాట్ రోడ్డు దీపాలకు పైన సప్తర్షి మండలం, దాని తోకలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, పక్కనే నలకంత అరుంధతి. "వీళ్లిద్దరూ ఎక్కడ కలిశారు తాతయ్యా?" అని బుజ్జి అడిగింది. నేను నోరు తెరిచేలోగా నిద్రపోయింది.

కలవలేదమ్మా, కలిసే పుట్టారు.

ఎక్కడెక్కడో పుట్టిన నక్షత్రాలు దారిలో ఎదురై జంట కట్టడం చాలా అరుదు. ఒకటి రెండోదాని వైపు పడే కొద్దీ వేగం పుంజుకుంటుంది, ఆ వేగంతోనే పక్క నుంచి దూసుకుపోతుంది. ఆ వేగాన్ని తగ్గించడానికి మూడోది ఏదైనా అక్కడ ఉండాలి.

నక్షత్రాలు వాయువు, ధూళి నిండిన మేఘాల్లో పుడతాయి. శేషాచలం మీద వాలే మబ్బు లాంటిది కాదది. సున్నాకు దాదాపు 260 డిగ్రీల దిగువన చలి. అంత చలిలోనే వాయువు తన బరువుకు తాను కుంగగలదు. అయితే లోపలంతా సుడులు. అమ్మమ్మ రాగి సంగటి కెలికేటప్పుడు చూశారు కదా, తెడ్డు కాస్త ఆగితే నాలుగైదు చోట్ల ఉండలు కడుతుంది. మేఘంలోనూ అంతే. చిక్కబడిన చోటల్లా ఉండ కట్టి, చుట్టూ ఉన్న వాయువును లాక్కుంటుంది. పక్కపక్కన కట్టిన ఉండలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ జంట నక్షత్రాలవుతాయి.

ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. కుంగే కొద్దీ మేఘం గిర్రున తిరుగుతుంది. తిరిగే వాయువు నేరుగా నడిమికి పడలేక, పసి నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకుంటుంది. పళ్లెం మరీ బరువైతే ముక్కలై, అందులోనే మరో నక్షత్రం పుడుతుంది. చిలీ ఎడారిలోని ఆల్మా రేడియో టెలిస్కోపు తీసిన ఇలాంటి చిత్రం 2016లో వెలువడింది. నడుమ రెండు పసి నక్షత్రాలు, పళ్లెం అంచున మూడోది! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

ఇక మన వశిష్ఠుడు. చిన్న టెలిస్కోపులో చూస్తేనే అది రెండు చుక్కలు. 1889లో పికరింగ్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అందులో పెద్దదాని వెలుగును రంగులుగా విడదీస్తే, ఆ రంగుల నడుమ ఒకటిగా ఉన్న నల్ల గీత కొన్ని రోజులకు రెండుగా, నక్షత్రానికొకటిగా చీలింది. అంటే అదీ జంటే! ఇరవై రోజులకో చుట్టు. రెండోదీ జంటేనని తర్వాత తేలింది. అరుంధతికీ చిన్న తోడు ఉందని 2009లో కనుక్కున్నారు. మొత్తం ఆరు. సప్తర్షుల్లో కొసలనున్న క్రతువు, మరీచి తప్ప మిగతా ఐదూ, అరుంధతీ ఒకే దిక్కుకు కలిసి సాగుతున్నాయి, ఒకే మేఘం బిడ్డలు కనుక. కథలో దంపతులు, పుట్టుకలో తోబుట్టువులు. మీకు రెండూ తెలియాలి.

వచ్చే ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు మీ మేడ ఎక్కండి. టెలిస్కోపు వద్దు, ఉత్త కళ్లతో చూడండి. అరుంధతి ఎవరికి ముందు విడిగా కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య