అర్జీ పెట్టుకుని వెళ్లారా, గెంటేస్తే వెళ్లారా? హెర్క్యులిస్ జాబితాకు ముందు మూడేళ్లు

స్కాట్లాండ్ పార్లమెంటులో భూసంస్కరణల మాట వచ్చినప్పుడల్లా ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని హెబ్రిడీస్ దీవుల నుంచి ఆస్ట్రేలియా, కెనడాలకు వెళ్లినవారి వారసులు తమ పూర్వీకులను భూస్వాములు వెళ్లగొట్టారంటారు. కరవులో ఉన్నవాళ్లు సాయం అడిగారు, చందాలు పోగుచేసి పంపించాం అన్నది ఎదుటి పక్షం, అంటే భూస్వాముల ఎస్టేట్లను సమర్థించేవారి జవాబు. ఆ పక్షం చేతిలో కాగితాలున్నాయి. అప్పిచ్చి పేదలను ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కించిన హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ 1852 నుంచి 1857 వరకు నింపిన ఓడ జాబితాలు ఎడింబరోలోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. హెర్క్యులిస్ అనే ఓడ జాబితా వాటిలో ఒకటి. కుటుంబాల వారీగా పేర్లు, వయసులు, ఊరు, ఏ భూస్వామి ఎస్టేటు, ఎంతకు ప్రామిసరీ నోటు రాసిచ్చారు, పక్కన ఓ రిమార్కు.

వంశవృక్షం గీసుకునేవారికి ఇంతకు మించిన ఆధారం దొరకదు. స్కాట్లాండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న గానీ మొదలు కాలేదు. దీవుల నుంచి పెద్ద వలసలు అప్పటికే సాగిపోయాయి. చర్చి రిజిస్టర్లు ఉన్నా, పశ్చిమ దీవుల్లో అవి ఆలస్యంగా మొదలయ్యాయి, మధ్యమధ్య ఖాళీలు. పైగా ఏ ఊరు చూసినా మాక్‌డొనాల్డులే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడి ఆచారం. తాతల పేర్లు పెట్టుకునే మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరు తాతలూ జాన్‌లే అయితే అన్నదమ్ములిద్దరూ జాన్‌లైన ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి చోట ఇంటిల్లిపాదీ వయసులతో సహా ఒకే పేజీలో కనిపిస్తే, మెల్‌బోర్న్‌లో కూర్చుని వెతుకుతున్న మునిమనవరాలికి పండగే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, చాలామంది వెతుకులాట ఆ పేజీ దగ్గరే ఆగిపోతుంది. సాయానికి అర్జీ, అప్పుకు నోటు, ఓడలో చోటు: అన్నీ చూస్తే ఇష్టపడి వెళ్లినట్టే ఉంటుంది.

దీవుల్లో పంటను దెబ్బతీసిన బంగాళాదుంప తెగులు, దాని వెంట వచ్చిన కరవు సంగతులు లోకానికి తెలిసినవే కాబట్టి వాటిని వదిలేద్దాం. నా మటుకు ఈ తగాదాకు తాళంచెవి జాబితాకు మూడేళ్ల ముందు, నార్త్ యుయిస్ట్ దీవి ఉత్తర తీరంలోని సొల్లాస్‌లో ఉంది.

1849 నాటికి దీవి యజమాని లార్డ్ మాక్‌డొనాల్డ్ అప్పుల్లో కూరుకుపోయాడు. సొల్లాస్, మిడిల్‌క్వార్టర్, డన్‌స్కెల్లర్, మాలగ్లేట్ ఊళ్లలోని కౌలుదారుల కుటుంబాలను, మొత్తం సుమారు 600 మందిని, ఖాళీ చేయించి కెనడా పంపాలని ఎస్టేటు నిర్ణయించింది. ఓడ ఎక్కే కాలం దాటిపోయింది, అక్కడికి చేరేసరికి చలికాలం ముంచుకొస్తుంది, వెళ్లం అన్నారు జనం. నోటీసులతో వచ్చినవారిని తరిమికొట్టారు. ఆగస్టు మొదట్లో ఎస్టేటు వ్యవహారాలు చూసే ప్యాట్రిక్ కూపర్, షెరిఫ్ అధికారితోపాటు ఇన్వర్నెస్ నుంచి 33 మంది కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని దిగాడు. పంట ఇంకా చేలోనే ఉంది. మంచాలు, మగ్గాలు బయట పడేశారు, పొయ్యిలో నిప్పు ఆర్పేశారు, ఇంటి కప్పు దూలాలు లాగేశారు. రాళ్లు పట్టుకుని ఎదురు నిలిచింది ఎక్కువగా ఆడవాళ్లు. లాఠీ దెబ్బలకు తలలు పగిలింది కూడా వాళ్లకే. పోలీసుల వెంట ఇన్వర్నెస్ పత్రిక విలేఖరి ఒకరు వెళ్లారు కాబట్టి ఇవన్నీ అచ్చులోకెక్కాయి.

చర్చి పాస్టరు మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. ఈ చలికాలానికి ఉండనిస్తారు, వచ్చే ఏడు వలస పోతామని జనం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు. కప్పులేని ఇళ్ల ముందు పుట్టిన ఆ ఒప్పందం, వలస ఎవరి ఇష్టమో తేల్చడానికి 1852 అర్జీల కంటే బరువైన సాక్ష్యం.

అధికారులను అడ్డుకున్న నేరానికి నలుగురిని ఇన్వర్నెస్ కోర్టులో నిలబెట్టారు. జ్యూరీ నేరం రుజువైందంటూనే, సొల్లాస్ ప్రజలను ఇళ్లనుంచి, పంటలనుంచి వెళ్లగొట్టిన తీరు చట్టబద్ధమే కావచ్చు గానీ క్రూరమైనదని, ముద్దాయిలపై దయ చూపాలని రాసిచ్చింది. జడ్జి లార్డ్ కాక్‌బర్న్ నాలుగు నెలల శిక్షతో సరిపెట్టారు. ఆ మాట అన్నవాళ్లు కౌలుదారులు కారు, ఇన్వర్నెస్ జ్యూరీ సభ్యులు. ఎస్టేటు వాదనను నమ్మేవారు ఈ తీర్పు ఊసు పెద్దగా ఎత్తరు.

తర్వాత ఆ కుటుంబాల్లో కొన్నిటిని పెర్త్ నగరపు సహాయ సంఘం డబ్బుతో అదే దీవిలో లాంగాస్ అనే బీడు మీద కూర్చోబెట్టారు. ఆ చిత్తడి నేల తిండి పెట్టలేదు. 1852 డిసెంబరు వచ్చేసరికి సొల్లాస్ వాళ్లు కాంబెల్‌టౌన్ రేవులో, ఆస్ట్రేలియా వెళ్లే హెర్క్యులిస్ ఓడ ఎక్కుతున్నారు.

ఎస్టేటు పక్షం చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. కౌలు బకాయిలు పేరుకున్నాయి, చిన్న కమతం కుటుంబాన్ని పోషించలేకపోయింది, ఆస్ట్రేలియాలో కూలి గిట్టుబాటుగా ఉంది. సొసైటీ లెక్క కూడా తేటగానే ఉంది: ఖర్చులో మూడో వంతు భూస్వామిది, వలసదారు తనకిచ్చిన సొమ్ము తర్వాత తీర్చాలి. కానీ సొసైటీ వెనుక ఉన్న చార్లెస్ ట్రెవెలియన్ మనసు ఆయన ఉత్తరాల్లోనే బయటపడుతుంది. కొద్ది వేల మందితో ఆగాలని ఆయన అనుకోలేదు. ముప్పై నలభై వేల మందిని దాటించాలన్నది ఆయన ఊహ. ఖాళీ అయిన చోట జర్మన్లు స్థిరపడినా మంచిదే అనుకున్నాడు. చివరకు వెళ్లింది సుమారు 5,000 మంది. ఐర్లండ్ కరవు వేళ బ్రిటిష్ ఖజానా తాళాలు బిగించి చెడ్డపేరు మోసినవాడూ ఈయనే. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కలకత్తాలోని కేంద్ర సర్కారు తలపెట్టిన ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించి, 1860లోనే పదవి పోగొట్టుకున్నాడు. నెల్లూరు నుంచి గంజాం దాకా ఏలిన ఆ మద్రాసు సర్కారులో ఆయనకు జనం పక్షపాతి అన్న పేరు మిగలడం చరిత్రలో ఒక వింత.

హెర్క్యులిస్ నౌకాదళానిది. హాంకాంగ్‌లో ఆసుపత్రి ఓడగా వాడడానికి వెళుతూ, దారిలో వలసదారులను దింపేలా ఏర్పాటు. స్కై, హారిస్, నార్త్ యుయిస్ట్ దీవుల వాళ్లు ఏడు వందల మందికి పైగా ఎక్కారు. తుఫాను వెనక్కి నెట్టింది, ఓడలో మశూచి, టైఫస్ పుట్టాయి. ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో నెలల తరబడి ఆపేశారు. యాభై మందికి పైగా చనిపోయారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు మిగిలారు. కోలుకున్న చాలామందిని వేరు వేరు ఓడలకు పంచారు. 1853 జులైలో హెర్క్యులిస్ అడిలైడ్ చేరేసరికి దానిలో ఉన్నవాళ్లు ఎక్కినవాళ్లలో కొంత భాగమే. జాబితాలో పేరుండి అడిలైడ్‌లో దిగినట్టు కనబడని పూర్వీకుణ్ని చనిపోయాడని తీర్మానించేముందు, అదే ఏడాది వచ్చిన ఇతర ఓడల లెక్కలు వెతకాలి. అన్నదమ్ములు రెండు ఓడల్లో, రెండు రేవుల్లో తేలిన సందర్భాలుంటాయి.

కెనడా వైపు వెళ్లినవారికి ఈ మాత్రం జాబితా కూడా లేదు. 1851లో కర్నల్ గోర్డన్ ఆఫ్ క్లూనీ అనే భూస్వామి తన సౌత్ యుయిస్ట్, బారా దీవుల నుంచి దాదాపు 1,700 మందిని అడ్మిరల్ తదితర ఓడల్లో క్యూబెక్ పంపాడు. కట్టేసి ఓడ ఎక్కించారని చూసినవాళ్లు చెప్పారు. ఒంటిమీద సరైన బట్టలు లేకుండా దిగారని అక్కడి క్వారంటైన్ వైద్యుడు రాశాడు. వాళ్ల దగ్గర ప్రామిసరీ నోట్లు తీసుకోలేదు కాబట్టి పేర్లు రాసుకోవలసిన పనీ పడలేదు. క్యూబెక్ రేవులో ప్రయాణికుల పేర్లు వరసగా దొరికేది 1865 నుంచే.

అందుకే వెతికేవారు సొసైటీ జాబితాను చివరి మెట్టుగా పెట్టుకోవడం మంచిది. ముందు 1841 జనగణన తీయాలి. అందులో పెద్దల వయసులు ఐదేళ్ల లెక్కకు కుదించి రాశారని గుర్తుంచుకోవాలి. తర్వాత 1851 మార్చి 30 రాత్రి జరిగిన జనగణన. మొదటిదానిలో సొల్లాస్ అనీ, రెండోదానిలో లాంగాస్ అనీ ఉన్న కుటుంబం హెర్క్యులిస్ జాబితాలో కనిపిస్తే, మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సాయం అడిగారన్న వాదన మూడో కాగితం నుంచి మొదలవుతుంది. మొదటి రెండింటి మధ్య కుటుంబం ఊరు ఎందుకు మారిందో చెప్పాల్సిన భారం ఎస్టేటు పక్షానిది.