తేజస్ ఆలస్యం వెనుక మారుత్ కథ

ప్రభుత్వ రంగ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారు చేసే తేజస్ మార్క్ 1ఏ యుద్ధ విమానాలు గడువుకు అందలేదని వైమానిక దళాధిపతి 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియా ప్రదర్శనలోనే బహిరంగంగా అసంతృప్తి వ్యక్తం చేశారు. 2021లో కుదిరిన 83 విమానాల ఒప్పందం ప్రకారం అవి 2024 నుంచి అందవలసి ఉండగా, వాటికి కావలసిన ఎఫ్404 ఇంజిన్లలో మొదటిది అమెరికాలోని జీఈ సంస్థ నుంచి 2025 మార్చిలో గానీ రాలేదు. విమానం సిద్ధం, ఇంజిన్ లేదు అన్న మాట బెంగళూరుకు కొత్త కాదు.

వాల్‌చంద్ హీరాచంద్ 1940లో మైసూరు ప్రభుత్వ సాయంతో బెంగళూరులో విమాన కర్మాగారం (నేటి హెచ్‌ఏఎల్) పెట్టిన తొలి అధ్యాయం అందరికీ తెలిసిందే. అసలు మలుపు దేశంలో రూపొందిన తొలి జెట్ యుద్ధ విమానం మారుత్ దగ్గర ఉంది. జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ 1956లో వచ్చి హెచ్‌ఏఎల్ ఇంజినీర్లతో కలిసి హెచ్‌ఎఫ్-24 మారుత్‌ను రూపొందించినప్పుడు, ధ్వనికి రెట్టింపు వేగం అందుకోవాలన్న లక్ష్యమంతా బ్రిటన్‌లో అభివృద్ధి చేస్తున్న ఆర్ఫియస్ 12 ఇంజిన్‌పైనే ఆధారపడింది. బ్రిటన్ ఆ ఇంజిన్‌ను పక్కన పెట్టి, ఖర్చు మీరు భరిస్తే పూర్తి చేస్తామంది. ఢిల్లీ అందుకు ఒప్పుకోలేదు. పొదుపు అనిపించిన ఆ నిర్ణయానికి మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నామన్నది నా అభిప్రాయం.

1961 జూన్ 17న మారుత్ ఎగిరింది, కానీ నాట్ అనే చిన్న యుద్ధ విమానాల కోసం తెచ్చుకున్న, అంత శక్తి లేని ఆర్ఫియస్ 703 ఇంజిన్లతో. ఇంజినీర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈజిప్టు తయారు చేస్తున్న ఇ-300 ఇంజిన్‌ను ఒక మారుత్‌కు అమర్చి ఎగురవేసి చూశారు. ఆ దేశమే ఆ పథకాన్ని మధ్యలో వదిలేసింది. బెంగళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ 703కే అదనపు దహన వ్యవస్థను జోడించింది. ఆ ఇంజిన్లున్న నమూనా విమానం 1970 జనవరిలో కూలిపోయి, మారుత్‌ను తొలిసారి ఎగురవేసిన సురంజన్ దాస్ మరణించారు. హెచ్‌ఏఎల్ విమానాశ్రయం దగ్గరి రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.

సరిహద్దు కాపాడే తమకు చేతికందిన విమానమే లెక్క అన్నది వైమానిక దళం వాదన. 1962లో మిగ్-21 ఒప్పందం కుదిరాక ఆ వాదనకు బలం చేకూరింది. మారుత్ తయారీ 147తో ఆగింది.

ఈ లోగా నగరంలో విమాన ఆకృతికి సంబంధించిన విజ్ఞానం మాత్రం పెరిగింది. భారతీయ విజ్ఞాన సంస్థలో సతీశ్ ధావన్ తరం గాలి సొరంగాలు (విమాన నమూనాలపై గాలి ప్రవాహాన్ని పరీక్షించే యంత్రాంగాలు) నిర్మించగా, జాతీయ ఏరోనాటికల్ ప్రయోగశాలలో 1967 నాటికి 1.2 మీటర్ల సొరంగం పనిచేయడం మొదలుపెట్టింది. ఇంజిన్లకు ఆ భాగ్యం దక్కలేదు. తేజస్ కోసం 1989లో మంజూరైన దేశీయ జెట్ ఇంజిన్ కావేరిని ఆకాశంలో పరీక్షించడానికి 2010లో రష్యాకు తీసుకువెళ్ళి ఇల్యూషిన్-76 విమానానికి అమర్చవలసి వచ్చింది. అప్పటికే, 2008లోనే, కావేరిని తేజస్ కార్యక్రమం నుంచి విడదీశారు.

2025 సెప్టెంబరులో మరో 97 తేజస్‌ల తయారీకి ఒప్పందం కుదిరింది. వాటి కోసం నవంబరులో 113 ఇంజిన్లకు ఆర్డరు ఇచ్చారు, అదే జీఈ సంస్థకు.