హీత్‌క్లిఫ్ రంగు పోయింది 1939లోనే

దర్శకురాలు ఎమరాల్డ్ ఫెనెల్ 'వుదరింగ్ హైట్స్' సినిమాకి హీత్‌క్లిఫ్‌గా జేకబ్ ఎలోర్డీని తీసుకున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ, నవలలో నల్లగా ఉన్నవాడి వేషం తెల్లవాడికిచ్చారేంటని. 1847లో ఎమిలీ బ్రాంటీ రాసిన ఆ నవల కథ ఒక్క ముక్కలో: ఓ పెద్దింట్లో పెరిగిన అనాథ హీత్‌క్లిఫ్, ఆ ఇంటి అమ్మాయి కాథీ ఒకరినొకరు ప్రేమించుకుంటారు, ఆమె పక్కింటి లింటన్ దొర కొడుకుని చేసుకునేసరికి ఇతను పగబడతాడు. అసలు తిరకాసంతా శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మాతగా విలియం వైలర్ తీసిన 1939 సినిమాలో ఉంది.

నవలలో లివర్‌పూల్ వీధుల్లో దొరికిన ఆ పిల్లాణ్ణి చూసి పక్కింటి లింటన్ దొర లాస్కరేమో అంటాడు. లాస్కర్ అంటే ఇంగ్లిష్ ఓడల్లో పనికి కుదిరిన మన వైపు నావికుడు (కాలవల మీద లస్కరు అంటామే, ఆ మాటే). మీ అమ్మ ఇండియా రాణేమో, ఎవరికి తెలుసని ఇంట్లో పనిచేసే నెల్లీ వాణ్ణి ఊరడిస్తుంది. ముఖం గోడలా తెల్లగా ఉందని కూడా రాశారుగా అంటారు అతను తెల్లవాడే అని వాదించేవాళ్లు. రాశారు, కానీ అది అర్ధరాత్రి కేక విని అదిరిపోయినవాడి ముఖం.

వైలర్ సినిమాలో హీత్‌క్లిఫ్‌గా తెల్లవాడైన లారెన్స్ ఒలీవియే వచ్చాడు, రంగు గొడవ పోయి డబ్బు గొడవ మిగిలింది: గుర్రాలశాల కుర్రాడు, పెద్దింటి అమ్మాయి. నవలలోని 34 అధ్యాయాల్లో 16తోనే సరిపెట్టారు, తర్వాతి తరం మీద హీత్‌క్లిఫ్ తీర్చుకునే పగంతా ఎగిరిపోయింది. చావుతో ముగించడం ఇష్టంలేక గోల్డ్‌విన్ ఇద్దరి ఆత్మలూ కలిసి నడిచివెళ్లే షాట్ పెట్టించాడు, వైలర్ నేను తీయనన్నా డూపులతో కానిచ్చారు. జనం బుర్రలో ఇప్పటికీ ఉన్నది ఈ ప్రేమికుడే. 2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ ఇదే కథ తీస్తూ నల్లజాతి నటుడు జేమ్స్ హౌసన్‌ని పెట్టినప్పుడు కొత్తగా అనిపించింది కూడా అందుకే.

ఇక కాథీ. ఒలీవియే తన ప్రియురాలు వివియన్ లీ కావాలన్నాడు, ఆమెకి లింటన్ దొర కూతురు ఇసబెల్లా పాత్ర ఇస్తామంటే వద్దంది. కాథీగా చేసిన మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టిన ఆంగ్లో-ఇండియన్, పెరిగింది కలకత్తాలో. ఆ సంగతి బయటికొస్తే హాలీవుడ్‌లో హీరోయిన్ వేషాలు ఉండవు కాబట్టి ఆస్ట్రేలియాకి చెందిన టాస్మేనియా దీవిలో పుట్టానని చెప్పుకుంది. అంటే ఆ సెట్లో లింటన్ దొర వెతుకుతున్న ఇండియా నెత్తురు నిజంగా ఉన్నది కథానాయికలో, అదీ తెల్లపిల్ల వేషంలో.

1978లో టాస్మేనియా రాజధాని హోబర్ట్ నగరం ఒబెరాన్‌ని మా ఊరి ఆడపడుచే అన్నట్టు పిలిచి సన్మానించింది. మరుసటేడు ఆమె పోయింది. అసలు పుట్టుక సంగతి పుస్తకంగా అచ్చయ్యేసరికి 1983.