ధరణి నగర్ నురగ: ఇంటి మోరీ నీళ్లు ఎటు పోతున్నాయి?

గట్టి వాన పడితే చాలు, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ధరణి నగర్‌లో తెల్లటి నురగ వీధుల్లోకి వచ్చేస్తుంది. పరికి చెరువు నిండి నాలాలో, అంటే పెద్ద కాలువలో, పడి వచ్చే నీళ్లు అవి. నురగ లేచిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఫ్యాక్టరీల రసాయనాలే కారణమన్నది ఒక మాట. ఇళ్లలో వాడే సబ్బు నీళ్లే కారణమన్నది రెండోది.

రెండో మాటలో నిజం లేకపోలేదు. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు, కారు షాంపూ, అన్నిట్లోనూ నురగ పుట్టించే పదార్థాలుంటాయి. మురుగు శుద్ధి కేంద్రంలో గాలి బాగా అందితే బ్యాక్టీరియా వాటిని చాలావరకు విరగ్గొడుతుంది. శుద్ధి లేకుండా నాలాలోకి చేరితే నీళ్లు ఎత్తు నుంచి దూకే చోటల్లా నురగ లేస్తుంది. కానీ తప్పంతా ఇళ్లమీదికి నెట్టేముందు, ఆ నీళ్లు నాలాలోకి ఎలా చేరాయో చూడాలి.

 అందుకు 2007 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్తే చాలు. అప్పుడే 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాద్‌లో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) అయింది. 170 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న నగరం ఒక్కసారిగా 600 దాటింది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, అల్వాల్, ఉప్పల్ లాంటి చోట్ల చాలా కాలనీలకు భూగర్భ మురుగు లైన్లు లేవు. ఉన్నవి వాన నీళ్ల కాలువలే. ఇల్లు కట్టుకున్నవాళ్లు మోరీ నీళ్లను వాటిలోకే వదిలారు. వేరే దారి ఎవరూ చూపించలేదు. పైగా కోర్ సిటీలో, అంటే విలీనానికి ముందున్న నగరంలో, మురుగు నగర నీటి బోర్డు అయిన జలమండలి పని, శివార్లలో జీహెచ్ఎంసీ పని. శివార్లు కూడా జలమండలి చేతికి వచ్చేసరికి 2021 అయింది.

మాట దగ్గరే చూడండి. మురుగు లైనునూ, వాన కాలువనూ మనం "డ్రైనేజీ" అనే అంటాం. ఒకటి శుద్ధి కేంద్రానికి పోతుంది, ఇంకొకటి నేరుగా చెరువుకు పోతుంది. ఇంటి ముందున్న జాలీ కింద ఏది ఉందో చెప్పే చిన్న బోర్డు కూడా ఉండదు. పెయింటర్ బ్రష్ కడిగిన టర్పెంటైన్, బజ్జీలు వేయించిన నూనె, మేస్త్రీ కడిగిన సిమెంట్ తట్ట నీళ్లు, అన్నీ అందులోకే పోతాయి. కారును రోడ్డు మీద కడిగితే సబ్బుతో పాటు ఆయిల్, బ్రేకుల పొడి కూడా వెళ్తాయి.

చెబితే జనం వినరనేవాళ్లు 2015ను గుర్తు చేసుకోవాలి. ఇంటింటికీ రెండు బుట్టలిచ్చి, స్వచ్ఛ ఆటోలు తిప్పి, తడి చెత్త, పొడి చెత్త అనే మాటలు పిల్లల నోట కూడా పలికించారు. అందరూ వేరు చేయలేదు, నిజమే, కానీ తేడా తెలియని ఇల్లు అరుదు. కాలువలో చెత్త వేయకూడదని 2016 ఘన వ్యర్థాల నియమాలూ చెప్పాయి. పారబోసే నీళ్ల గురించి మాత్రం ఆ స్థాయిలో ప్రచారం జరగలేదు.

2020 అక్టోబరు వరదల తర్వాత కూడా చర్చంతా నాలాల వెడల్పు, ఆక్రమణల మీదే నడిచింది. తర్వాతి ఏడాది వచ్చిన నాలాల అభివృద్ధి పథకం తొలి దశకు 985 కోట్లు. కొత్తగా 31 మురుగు శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్లు. అప్పటికి ఉన్న 25 కేంద్రాల సామర్థ్యం రోజుకు 77 కోట్ల లీటర్లు, నగరంలో పుట్టే మురుగులో సగం కూడా కాదు. ఈ ఖర్చులన్నీ అవసరమైనవే. కానీ ఎంత పెద్ద కేంద్రం కట్టినా వాన కాలువలో పోసిన నూనె అక్కడికి చేరదు.

2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 27 పట్టణాలను జీహెచ్ఎంసీలో కలిపారు. వాటిలోనూ చాలా కాలనీలు ఇంకా సెప్టిక్ ట్యాంకుల మీదే ఆధారపడుతున్నాయి. అక్కడి మోరీలకు ఇప్పటికీ దగ్గరగా ఉన్నది వాన కాలువే, దాని చివర ఉన్నది చెరువే.