ముందు చక్రాలకే ఆ నలుపెందుకు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ నానమ్మా క్షేమం. మామిడికాయ ఊరగాయ సీసా మీ నాన్నతో పంపిస్తానని చెప్పమంది.

బుజ్జీ, మొన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. తిరుమల బయల్దేరే ముందురోజు నువ్వూ నాన్నా కూర్చుని కారు చక్రాలు నాలుగూ తళతళలాడేట్టు కడిగారు. దారిలో వాన లేదు, బురద లేదు. దర్శనం చేసుకుని కొండ దిగి ఇంటికొచ్చి చూస్తే ముందు చక్రాలు రెండూ మసిపట్టి ఉన్నాయి. వెనకవి మాత్రం ఇంచుమించు కడిగినట్టే ఉన్నాయి. "రోడ్డు దుమ్మైతే నాలుగింటికీ అంటాలి కదా తాతయ్యా?" అన్నావు. మీ నాన్న మాత్రం "దుమ్మేలే, పద" అన్నాడట. వాడు చిన్నప్పుడూ అంతే.

అది రోడ్డు దుమ్ము కాదురా. కారు ఒంట్లోంచే రాలిన పొడి.

మా దేవుడి గదిలో గంధం తీసే సాన ఉంటుంది, గుర్తుందా? ఇప్పుడు కారు దగ్గరికెళ్ళి, చక్రం చువ్వల సందుల్లోంచి లోపలికి తొంగిచూడు. గుండ్రటి ఇనుప పళ్ళెం ఒకటి కనిపిస్తుంది. దాన్ని డిస్కు అంటారు. పోత ఇనుముతో చేస్తారు, చక్రంతో పాటే తిరుగుతుంది. నాన్న బ్రేకు తొక్కగానే రెండు పక్కలా ఉన్న ప్యాడ్లు దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. డిస్కు సాన అనుకో, ప్యాడు గంధపు చెక్క. నొక్కి రాస్తే చెక్క అరిగి గంధం వస్తుంది కదా, నువ్వు చూసిన నలుపు ఆ గంధమే.

మా చిన్నప్పుడు తాతగారి పూజకి గంధం తీసే పని నాదే. నాకేమో బయట గోలీలాట మీద ధ్యాస. చెక్క మీద బరువంతా మోపి గబగబా రుద్దేవాణ్ణి. "మెల్లిగా తియ్యరా, చెక్కంతా ఇవాళే అరగదీస్తావా!" అని కేకలేసేవారు. ఆ సాన వాళ్ళ తాతల నాటిదట. మధ్యలో చెంచాడు నీళ్ళు నిలిచేంత గుంట పడింది. అంత గట్టి రాతిని మెత్తని చెక్క ఎలా తొలిచిందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకసారి అక్షయ తదియ ముందు సింహాచలం తీసుకెళ్ళారు. ఏడాదంతా గంధం పూతలో ఉండే స్వామి ఆ ఒక్కరోజే నిజరూపంతో కనిపిస్తాడు, ఆ తర్వాత మళ్ళీ పూత పూయాలి. అక్కడ గంధం అరగదీస్తున్న వాళ్ళు వరసగా కూర్చుని ఏ తొందరా లేకుండా చెయ్యి తిప్పుతుంటే చూస్తూ నిలబడిపోయాను.

సరే, కారు సంగతికొస్తాను. చెక్కతో పాటు సాన కూడా అరిగినట్టే ప్యాడుతో పాటు డిస్కూ అరుగుతుంది. ప్యాడులో ఉక్కు నార, లోహాల పొడి, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటు, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు ఉంటాయి. డిస్కు అంతా ఇనుమే. కాబట్టి ఈ గంధంలో ఇనుము దండిగా ఉంటుంది. చల్లగా ఒంటికి రాసుకునే గంధానికీ, వేడివేడిగా ఎగిరొచ్చే ఈ పొడికీ పోలికేమిటని మీ నానమ్మ పక్కనుంచి నవ్వుతోంది. నవ్వనీ, నేను మాత్రం సానని వదలను.

ముందు చక్రాలకే ఎందుకంటావా? ఈసారి ఆటో ఎక్కినప్పుడు గమనించు. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే అందరూ ముందుకి తూలుతారు. కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. అందుకే ఆపే పనిలో మూడింట రెండు వంతుల దాకా ముందు బ్రేకులే చేస్తాయి. పైగా మనలాంటి చిన్న కార్లలో వెనక చాలావరకు డ్రమ్ము బ్రేకులుంటాయి. డ్రమ్మంటే మూతపెట్టిన డబ్బా, అక్కడ రాలిన పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది.

ఇక తిరుమల దిగడమంటే మాటలా! సముద్రమట్టం నుంచి సుమారు 2,800 అడుగుల ఎత్తు. ఇప్పుడు దిగడానికి వాడేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, అన్నీ మలుపులే. టన్ను బరువున్న కారు అంత ఎత్తు నుంచి దొర్లిపోకుండా ఆపినదంతా బ్రేకుల్లో వేడిగా మారింది. ఎలా మారిందంటే అది పెద్ద పాఠం, మీ మాస్టారికి వదిలేస్తున్నా. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని చూడండి, సగం అర్థమైపోతుంది. మీ నాన్నకి మాత్రం ఒక మాట చెప్పు: దిగేటప్పుడు రెండో గేరులో వస్తే ఇంజనే కారుని సగం పట్టుకుంటుంది, చెక్క అంతగా అరగదు.

గిన్నెలో మిగిలిన గంధం వెంటనే నీళ్ళు పోస్తే పోతుంది, ఎండితే గోకాలి. ఇదీ అంతే. రెండు వారాలు వదిలేస్తే మంచు తగిలి, వాన తగిలి అందులోని ఇనుము తుప్పుపట్టి, గోధుమరంగు చుక్కలై రిమ్ము పూతలోకి దిగిపోతుంది. అందుకని తరచుగా, మెత్తగా కడగండి. ప్రయాణం నుంచి రాగానే మాత్రం వద్దు. డిస్కు కాలిపోతుంటుంది, చన్నీళ్ళు పడితే వంకరపోవచ్చు. చెయ్యి పెట్టారా, బొబ్బలే. బాగా చల్లారాక, నీడలో, ఒక్కో చక్రమే తీసుకోండి. ముందు నీళ్ళు ధారగా కొట్టి, కారు షాంపూ నీళ్ళలో ముంచిన మెత్తని బ్రష్షుతో తోమి, ఆరకముందే కడిగి, పాత బట్టతో తుడవాలి. చక్రాలయ్యాకే కారు ఒళ్ళు కడగాలి. చక్రాల బకెట్టూ గుడ్డా వేరేగా పెట్టండి, లేకపోతే ఆ ఇనుప రజనుతో డోరు మీద గీతలు గీసినవాళ్ళవుతారు.

చిన్నీ, ఇత్తడి చెంబు చింతపండుతో మెరిసిందని చక్రానికి పులుసు పట్టించకు! పులుపు, బాత్రూము యాసిడ్ లాంటివి అల్యూమినియం మెరుపుని తినేస్తాయి. అంట్లు తోమే ఇనుప పీచు కూడా వద్దు. డిస్కు మీద నూనె గానీ పాలిష్ గానీ అస్సలు పడకూడదు, బ్రేకు జారుతుంది. మొండి మరకలకి ఇనుప పొడిని కరిగించే మందు దొరుకుతుంది. చల్లిన కాసేపటికి ఇనుము ఉన్నచోటల్లా వంకాయ రంగు నీరు కారుతుంది. ముక్కు మూసుకోవాల్సిన వాసన. అది నాన్న చేతి తొడుగులు వేసుకుని చెయ్యాల్సిన పని. మీరు దూరంగా నిలబడి రంగు చూడండి, చూడదగ్గదే. అంతా అయ్యాక నాన్న కారుని నెమ్మదిగా నడిపి రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే డిస్కు ఆరిపోతుంది.

ఆ పొడిని నోటితో ఊదకండి. మా కాలంలో బ్రేకుల్లో ఆస్బెస్టాస్ వేసేవారు, ఇంటి కప్పు రేకుల్లో ఉండే రాతినార. షెడ్డులో మెకానిక్కులు డ్రమ్ము విప్పి ఉఫ్ఫున ఊదేవాళ్ళు. అది ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. చక్రానికి అంటింది కొంతే, తక్కినది గాలిలోకీ కాలవల్లోకీ పోతుంది. ప్యాడుల్లోని రాగి వాన నీటితో వాగుల్లో చేరి చేపలకి చేటు చేస్తోందని మీ అత్త ఉండే వాషింగ్టన్ రాష్ట్రమూ, కాలిఫోర్నియా కూడా 2010లో చట్టాలు చేశాయి. యూరప్ వాళ్ళు 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనల్లో పొగకే కాదు, బ్రేకు పొడికీ హద్దు పెట్టారు.

మీ పక్కింటి వాళ్ళది కరెంటు కారన్నారు కదా. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే దాని మోటారే జనరేటరులా మారి వేగాన్ని తగ్గిస్తుంది, ఆ శక్తితో బ్యాటరీ కూడా కాస్త నిండుతుంది. సానకి అంతగా పని ఉండదు. వాళ్ళ చక్రాలూ మీవీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో పని. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం మీ డ్రాయరులో ఉండాలి. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చల్లారిన ముందు చక్రం మీద మెల్లిగా రాయండి. తర్వాత వాకిట్లో రోడ్డు దుమ్ము మీద కూడా రాసి, ఏది ఎంత అంటుకుందో, పొడి ఎలా నిక్కబొడుచుకుందో చూసి నాకు రాయండి. వెనక చక్రం మర్చిపోవద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని మరీ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య