కేంద్రకం ఎలక్ట్రాన్‌ని ఎంత బలంగా లాగుతుంది? అపోహలు - వాస్తవాలు

కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కూలుంబ్ 1785లో చెప్పిన నియమం, ఒక్క లైను సూత్రం: రెండు ఆవేశాలను గుణించి, 9 × 10⁹ అనే స్థిరాంకంతో హెచ్చించి, మధ్య దూరం వర్గంతో భాగిస్తే వాటి మధ్య బలం. అయినా పేపర్లు దిద్దేటప్పుడు నా ఎర్ర పెన్ను ఎక్కువగా ఆగేది ఈ లెక్క దగ్గరే.

అపోహ: జవాబులో పదికి మైనస్ ఘాతం వచ్చిందంటే ఆ బలం లేనట్టే.

వాస్తవం: హైడ్రోజన్‌లో ఆ బలం 8.2 × 10⁻⁸ న్యూటన్లు. "ఏంది సార్, ఇంతేనా?" అంటారు పిల్లలు. మైపాడు బీచ్‌లో కాలికంటుకునే సన్న ఇసుక రేణువు, మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేనిది, ఇంచుమించు అంతే బరువు తూగుతుంది. కానీ ఇక్కడ లాగుడు పడేది 9.1 × 10⁻³¹ కిలోల ఎలక్ట్రాన్ మీద. త్వరణం సెకనుకు సెకనుకు 9 × 10²² మీటర్లు! మనల్ని కిందికి లాగే g విలువ 9.8.

అపోహ: దూరాన్ని వర్గం చేయడం మరిచిపోతే జవాబు కాస్త అటూఇటూ అవుతుంది.

వాస్తవం: బలం కాదు, వేరే రాశే వస్తుంది. ప్రోటాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ ఆవేశం పరిమాణం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. 1.6 వర్గం 2.56, స్థిరాంకంలోని తొమ్మిదితో గుణిస్తే 23.04. ఘాతాలు 9 లోంచి 38 పోతే మైనస్ 29. కింద దూరం 5.3 × 10⁻¹¹ మీటర్లు: 5.3 వర్గం 28.09, ఘాతం మైనస్ 22. భాగిస్తే 0.82 × 10⁻⁷, అదే మన 8.2 × 10⁻⁸. వర్గం వదిలేసి చూడండి: 4.35 × 10⁻¹⁸. ఇది స్థితిజ శక్తి పరిమాణం, జౌళ్లలో! పక్కన న్యూటన్ అని రాస్తారు పాపం. (5.3 × 10⁻¹¹ మీటర్లు అనేది బోర్ చెప్పిన పరమాణు నమూనాలో కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్‌కి ఉన్న దూరం. నిజానికి ఎలక్ట్రాన్ అక్కడే కూర్చోదు, ఆ దూరంలో దొరికే అవకాశం ఎక్కువ.)

అపోహ: గురుత్వ బలాన్నీ కలపాలి.

వాస్తవం: అక్కర్లేదు. విద్యుత్ బలం దానికి సుమారు 2 × 10³⁹ రెట్లు.

అపోహ: హీలియం కేంద్రకం ఆవేశానికి 4 వేయాలి.

వాస్తవం: 4 ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క. న్యూట్రాన్లకు ఆవేశం లేదు, రెండు ప్రోటాన్లే లెక్క. ఏటా పడే గొయ్యి ఇది.

అపోహ: కేంద్రకం పెద్దది కాబట్టి అదే ఎక్కువ లాగుతుంది.

వాస్తవం: ఎలక్ట్రాన్ కూడా దాన్ని అంతే బలంతో లాగుతుంది. "మరి కేంద్రకం కదలదేం సార్?" కదులుతుంది. ప్రోటాన్ ఎలక్ట్రాన్‌కి 1836 రెట్లు బరువు, అందుకే ఆ కదలిక అంత తక్కువ.